రాయగడ (ఒడిశా) తెలుగువారి సంఘం వార్షిక నివేదిక: అగ్నిమాపక సిబ్బంది శిక్షణ శిబిరం, ఇతర కార్యక్రమాలు

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారములు. గత ఉగాది నుండి ఈ ఉగాది వరకు మన సంఘం చేపట్టిన కార్యక్రమాల నివేదికను కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను.

పంచాంగ శ్రవణం, మజ్జిగౌరి అమ్మవారి చైత్ర జాతరకు పార్వతీపురం, విజయనగరం వైపు నుండి వచ్చిన భక్తులకు చలివేంద్రం, పిల్లల తెలుగు తరగతులు, కార్తీక వనభోజనాలు యథావిధిగా జరిగాయి. వీటిలో మీరందరూ పాల్గొన్నారు కనుక విస్తరించడం లేదు. ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోదగిన పని మరొకటి ఉంది. ఆపదలో చిక్కుకున్నవారిని కాపాడే పరికరాలను జాగ్రత్తగా, నేర్పుగా వాడడంపై అగ్నిమాపక సిబ్బందికి, వారితో కలిసి పనిచేసే గ్రామ యువకులకు నిర్వహించిన శిక్షణ శిబిరమే ఆ పని.

2017 జనవరిలో కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి సుమారు 40 మంది ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది జులైలో నాగావళి, కల్యాణి నదులు పొంగి మన జిల్లాలో వంతెనలను తెంచుకుపోయాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గజపతి జిల్లా కొండ గ్రామాలను కూడా విడిచిపెట్టలేదు. ఇలాంటి ప్రతి ఆపదలోనూ మన సభ్యులు అన్నం పొట్లాలు, మంచినీళ్లు మోశారు. అయితే ఇనుము కింద చిక్కుకున్న మనిషిని బయటికి తీయడం అన్నం పొట్లాలతో అయ్యే పని కాదని, యంత్రం ఉన్నంత మాత్రాన కూడా అయ్యే పని కాదని, దాన్ని పట్టే చేతికి అలవాటు ఉండాలని పెద్దలు పలుమార్లు సమావేశాల్లో చెబుతూ వచ్చారు. ఆ మాటను ఈ ఏడాది కార్యరూపంలో పెట్టగలిగాము.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలినప్పుడు మంటలతో పోరాడుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది అమరులయ్యారు. వారి స్మృత్యర్థం దేశమంతటా జరిగే అగ్నిమాపక సేవా వారోత్సవాల్లోనే మన శిబిరం జరిగింది. ఆంధ్రలో ఉద్యోగ విరమణ చేసిన ఒక అగ్నిమాపక అధికారి, మన సభ్యులొకరి బావగారు, పారితోషికం ఏమీ తీసుకోకుండా వచ్చి శిక్షణ ఇచ్చారు. తుక్కు దుకాణం నుండి తెచ్చిన పాత జీపు మీద, నూనె ఒత్తిడితో ఇనుమును విడదీసే హైడ్రాలిక్ స్ప్రెడర్, దాన్ని కత్తిరించే కట్టర్ వాడకం నేర్పారు. కుర్రవాళ్లు ఉత్సాహంగా కట్టర్ అందుకోబోతే ఆయన ఆపి, "బాబూ, దిమ్మలు పెట్టావా? బ్యాటరీ తీగ విప్పావా?" అని అడిగారు. బండి కదలకుండా కింద చెక్క దిమ్మలు పేర్చి, బ్యాటరీ నెగెటివ్ తీగ ముందుగా విప్పి, లోపలి మనిషికి గాజుపెంకులు తగలకుండా దుప్పటి కప్పిన తరువాతే తలుపు మీదికి వెళ్లనిచ్చారు. ఆ పరికరంలో నూనె సుమారు 700 బార్ (వాతావరణ పీడనానికి దాదాపు 700 రెట్లు) ఒత్తిడితో ఉంటుందని, గొట్టం ఎక్కడైనా కారుతోందేమోనని చేత్తో తడిమితే ఆ సన్నటి ధార చర్మంలోకి దిగిపోతుందని, అట్టముక్క పెట్టి చూడాలని ఆయన చెప్పినప్పుడు ఏళ్ల తరబడి ఉద్యోగం చేసినవారు కూడా శ్రద్ధగా రాసుకున్నారు.

రెండో రోజు బీఏ సెట్‌ల మీద, అంటే పొగలో ఊపిరి తీసుకోవడానికి వీపున మోసే గాలి సిలిండరు, ముఖానికి తొడిగే మాస్కుల మీద గడిచింది. 6.8 లీటర్ల సిలిండరులో 300 బార్ ఒత్తిడితో గాలి నింపితే రెండు వేల లీటర్లకు పైగా ఉంటుంది. నిమిషానికి 40 లీటర్ల లెక్కన అది 50 నిమిషాలు వస్తుందని పుస్తకం చెబుతుంది. కాని బయటికి వచ్చేందుకు మిగల్చవలసిన గాలిని తీసేస్తే చేతిలో ఉన్నది 40 నిమిషాలే, బరువు మోస్తే ఇంకా తక్కువ. అందువల్ల పొగలోకి ఇద్దరేసి వెళ్లాలి, ఒకరి మీటరు మరొకరు చూడాలి, బయట ఒకరు పలక మీద వేళ రాయాలి. గడ్డం పెంచుకున్న ఒక యువకుడికి మాస్కు ఎంత బిగించినా అంచు నుండి గాలి పోతూనే ఉంది. మరునాడు ఉదయం అతడు నున్నగా గీయించుకుని వచ్చి మాస్కు తొడుక్కోగా, అంచు చుట్టూ చెవి పెట్టి వింటే చప్పుడు లేదు. ఆ శ్రద్ధ చూసి మాకు చాలా సంతోషం కలిగింది.

తుఫాను చెట్ల కోతకు ఒక పూట కేటాయించాము. పడిపోయిన చెట్టు కొమ్మ వంగి బిగుసుకుని ఉన్నప్పుడు ఏ పక్క ముందు కోయాలో తెలియకపోతే అది ఎగిరి కోసేవాడినే కొడుతుంది. రంపపు కొన తగిలితే యంత్రం వెనక్కి ఎగదన్నుతుంది. భుజం ఎత్తుకు మించి కోయకూడదు, కరెంటు తీగ తెగిపడిన చోట సరఫరా ఆగిందని ఖాయమయ్యేదాకా చెట్టును ముట్టుకోకూడదు. ఇవి మన ఇళ్లలోనూ అందరూ తెలుసుకోవలసిన విషయాలు.

శిబిరానికి స్థలం ఇచ్చిన కల్యాణ మండపం యాజమాన్యానికి, భోజనాలు చూసిన మహిళా విభాగం సోదరీమణులకు, జీపు ఇచ్చిన తుక్కు వ్యాపారికి, చెక్క దిమ్మలు ఉచితంగా కోసి ఇచ్చిన కలప అడితి వారికి, శిక్షకుల వారి మాటలను ఒడియాలో చెప్పిన ఉపాధ్యాయ మిత్రులకు, సెలవు రోజున కూడా పరికరాలతో వచ్చిన అగ్నిమాపక సిబ్బందికి సంఘం పక్షాన హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఇక బాధతో చెప్పవలసిన సంగతి కూడా ఉంది. క్షతగాత్రులుగా పడుకోవడానికి, స్ట్రెచరు మోయడానికి పేర్లిచ్చిన స్వచ్ఛంద సేవకులలో సగానికి పైగా రాలేదు. అరవై దాటిన కార్యవర్గ సభ్యులే ఎండలో జీపు కింద పడుకోవలసి వచ్చింది. ఫొటోల వేళకు మాత్రం జనం కరువు లేదు. సిబ్బందిని పూర్తిగా పంపిస్తానని మాట ఇచ్చిన అధికారి ఒకరు చివరి నిమిషంలో కొందరినే పంపించారు, మేము రాసిన ఉత్తరాలకు నేటికీ జవాబు లేదు. ఒక్కసారి నేర్చుకుని వదిలేస్తే చెయ్యి మరచిపోతుంది. మూడు నెలలకొకసారి సాధన జరపాలన్న మన విన్నపాన్ని వారు మన్నించవలసి ఉంది.

ఆడిటరు గారు తనిఖీ చేసిన జమాఖర్చుల పట్టిక మీకు విడిగా అందింది. శిబిరం ఖర్చులో అధిక భాగం దాతలే భరించారు. చందా బకాయిలు ఉన్నవారు కోశాధికారి గారిని నేడే కలవగలరు.

వచ్చే వానాకాలానికి ముందే నాగావళి ఒడ్డున తాళ్లు, లైఫ్ జాకెట్లు, పడవలతో నీటి రక్షణ శిక్షణ జరపాలని కార్యవర్గం తీర్మానించింది. దానికి ఈత వచ్చిన యువకులు కావాలి. తప్పక రాగలమనుకున్న వారే ఈ సభ ముగిసేలోగా ద్వారం దగ్గరి పుస్తకంలో పేరు, ఫోను నంబరు రాయవలసిందిగా కోరుతూ, ఈ నివేదికను సభ ఆమోదం కోసం సమర్పిస్తున్నాను.

ఇట్లు,
కార్యదర్శి