కోరేగావ్ స్తంభం ఫలకం మీద 1927 కూడా ఉండాలి

మహారాష్ట్ర సాంస్కృతిక వ్యవహారాల మంత్రి గారికి,

పుణె దగ్గర భీమా నది ఒడ్డున ఉన్న కోరేగావ్ జయస్తంభానికి చారిత్రక గుర్తింపు అనగానే, ఈస్టిండియా కంపెనీ నిలిపిన రాయికి గౌరవమేమిటని కొందరంటారు. నిలిపింది కంపెనీయే, కాదనను. 1818 జనవరి 1న మరాఠా పాలకుడు పీష్వా సేనతో పోరాడిన తన సైనికుల కోసమే నిలిపింది. కానీ ఆ రాతి మీది 49 పేర్లను ఒక్కసారి వేలు పెట్టి చదవండి. 22 పేర్లు 'నాక్' అని ముగుస్తాయి. అవి మహర్ కులస్థులవి. అంటరానివాళ్లని ఊరి బయట ఉంచిన మనుషుల పేర్లు రాతికెక్కడం ఆ రోజుల్లో చిన్న మాటా? 1927 జనవరి 1న అంబేడ్కర్ అక్కడికి వెళ్లింది కంపెనీకి దండం పెట్టడానికి కాదు గదా!

అందుకే, స్తంభం దగ్గర పెట్టే ఫలకంలో 1818తో పాటు 1927 కూడా రాయించండి. ఆ 22 పేర్లనూ పక్కనే, పెద్ద అక్షరాల్లో, మరాఠీలో.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక చరిత్ర అధ్యాపకుడు