పేజీ తెరవగానే ‘అలౌ’ అడగడం ఆపండి

సంపాదకులు గారికి,

తెనాలిలో పదమూడేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. హాల్‌టికెట్లు, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్లు, అడంగల్ కాపీలు, వీటితోనే పొద్దు గడిచిపోతుంది. ఈ మధ్య ఇంకో పని తోడైంది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి, ‘వైరస్ పట్టింది, కాస్త చూడు’ అనేవాళ్లు పెరిగారు. చూస్తే చాలాసార్లు అది వైరస్ కాదు, వెబ్‌సైట్ల నోటిఫికేషన్లకు ఒప్పుకుంటూ వాళ్లే ఎప్పుడో నొక్కి మర్చిపోయిన ‘అలౌ’ బటన్.

పోయిన వారం ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చారు. ల్యాప్‌టాప్ తెరిచి నిమిషం కాలేదు, కుడివైపు కింది మూలన టింగుమంటూ ఓ పెట్టె లేచింది. ఎర్ర త్రిభుజం, పక్కన ఇంగ్లీషులో రెండు ముక్కలు: మీ కంప్యూటర్లో 5 వైరస్‌లున్నాయి, యాంటీవైరస్ గడువు ఈరోజుతో సరి. దాని వెనకే లాటరీ తగిలిందని ఇంకోటి. మూడోది పత్రికలో రాయదగ్గది కాదు. మాస్టారు మొహం తిప్పుకున్నారు. “మనవరాలు పక్కనుండగా కూడా ఇవే వస్తున్నాయోయ్. తాతయ్య ఏం చూస్తున్నాడో అనుకోరూ ఇంట్లో?” అన్నారు. వైరస్ తీసేస్తామన్న పేజీ దాకా వెళ్లి, కార్డు నంబరు కొట్టబోతుంటే కరెంటు పోయి వైఫై ఆగిందట. కరెంటు కోత వల్ల బాగుపడ్డ మనిషిని చూడటం నాకు అదే మొదటిసారి.

ఆ పెట్టెలో సన్న అక్షరాలతో బ్రౌజర్ పేరు, దాని పక్కన ఓ సైటు చిరునామా ఉంటాయి. అవి చదివితే గుట్టు అక్కడే తెలిసిపోతుంది. హెచ్చరిక పంపింది విండోసూ కాదు, యాంటీవైరసూ కాదు, ఊరూ పేరూ లేని ఒక వెబ్‌సైటు. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి మాస్టారికి చూపించాను. అనుమతి ఇచ్చిన సైట్లు 37 తేలాయి. రెండు పరీక్షా ఫలితాల సైట్లు, ఒక పంచాంగం, ఒక వంటల సైటు, మూడు దినపత్రికలు. ఆ మూడింట్లో మీదీ ఒకటి. మిగతావి అక్షరాలూ అంకెలూ కలగలిపిన పేర్లు. ఒక్కొక్కటీ తీసేసి, ఇకమీదట ఏ సైటూ నోటిఫికేషన్ పంపకుండా పైనున్న ఆప్షన్ మార్చాను. పది నిమిషాల పని. ఫైర్‌ఫాక్స్‌లో, ఎడ్జ్‌లో కూడా సెట్టింగ్స్‌లోనే నోటిఫికేషన్స్ అని వెతికితే దొరుకుతుంది.

“వీటన్నిటికీ నేనే ఒప్పుకున్నానా?” అని అడిగారాయన.

ఒప్పుకున్నారు. ఎలాగంటే, వార్త చదువుదామని పేజీ తెరుస్తాం. మొదటి వాక్యం కూడా చదవకముందే ‘తాజా వార్తలు వెంటనే పొందండి’ అని అడ్డంగా ఓ పెట్టె పడుతుంది. అందులో ‘అలౌ’ ఉంటుంది, ‘లేటర్’ ఉంటుంది, ‘వద్దు’ మాత్రం ఉండదు. లేటర్ నొక్కినవాడికి రేపు మళ్లీ అదే పెట్టె. అది దాటాక బ్రౌజర్ అడిగేదాంట్లో ‘బ్లాక్’ ఉంటుంది గానీ, ఆ మాటంటేనే మనవాళ్లకు భయం. ఏటీఎం కార్డు బ్లాకైనట్టు సైటే మూసుకుపోతుందేమోనని. నిజానికి బ్లాక్ నొక్కితే నోటిఫికేషన్లే ఆగుతాయి, పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది. అది తెలియక అలౌ నొక్కేస్తారు. ఇలా పరువున్న సైట్ల దగ్గర చెయ్యి అలవాటు పడ్డాక, ఏదో దొంగ సైటు ‘మీరు రోబో కాదని తేలాలంటే అలౌ నొక్కండి’ అంటే ఆగి ఆలోచించేదెవరు? వేలు దానంతటదే వెళ్లిపోతుంది.

క్రోమ్‌లో సైట్లు నోటిఫికేషన్లు పంపే ఈ సదుపాయం 2015లో వచ్చింది. మెయిల్‌కూ క్యాలెండర్‌కూ పనికొచ్చేదే, కాదనను. కానీ దీని గోల బ్రౌజర్లు చేసేవాళ్లకే విసుగు పుట్టించింది. 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్, అనుమతి అడిగే ఆ పెట్టెను దానంతటదే లేవనివ్వడం మానేసింది. మరుసటి నెల క్రోమ్ కూడా, పెట్టెకు బదులు చిన్న గంట గుర్తు చూపే పద్ధతి తెచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్ ఇంకో అడుగు వేసి, మనం పట్టించుకోని సైట్ల అనుమతిని క్రోమే తీసేస్తుందని ప్రకటించింది. వచ్చే నోటిఫికేషన్లలో జనం ముట్టుకునేవి 1 శాతం కూడా లేవని అప్పుడే చెప్పింది. నూటికి ఒక్కటైనా తెరవని దానికోసం పాఠకుణ్ని గుమ్మంలోనే నిలబెట్టడం ఎందుకు?

ఫోన్ కాల్స్‌తో, మెసేజ్‌లతో విసిగిస్తే ఫిర్యాదుకు 1909 నంబరు ఉంది. ఈ పెట్టెలు ఫోన్ నంబరుతో వచ్చేవి కావు కాబట్టి అది వీటికి పనిచేయదు. అయితే 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మోసపు ఎత్తుగడలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ‘న్యాగింగ్’ ఒకటి, మన మాటలో నస. వద్దనే వీలు లేకుండా నోటిఫికేషన్లు ఆన్ చేయమని పదేపదే అడగడాన్ని అక్కడ ఉదాహరణగా ఇచ్చారు. మీ సైటులోని ‘లేటర్’ బటన్ దానికెంత దూరంలో ఉందో మీరే చూసుకోండి.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. పేజీ తెరవగానే అడగొద్దు. ఓ మూల గంట బొమ్మ పెట్టండి, కావాల్సినవాళ్లే నొక్కుతారు. ‘లేటర్’ తీసేసి ‘వద్దు’ అని తెలుగులో రాయండి. ఒకసారి వద్దన్నవాణ్ని మళ్లీ అడగకండి. ఫలితాల సైట్ల వాళ్లకూ ఇదే విన్నపం. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు గుండె దడదడలాడుతూ నంబరు కొట్టే పిల్ల, అడ్డొచ్చిన ప్రతి దానికీ అలౌ కొట్టేస్తుంది. ఆ టెన్షన్‌లో ఎవరైనా అంతే.

ఈ లేఖ వేస్తారో లేదో తెలియదు. వేస్తే మీ సైటులోనూ వస్తుంది, తెరిచినవాళ్లకు నా మాటల కంటే ముందు ఆ పెట్టే కనబడుతుంది. కనీసం ఆ ఒక్కరోజైనా దాన్ని ఆపగలరా?

– ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు, తెనాలి