మురళికి, పోస్ట్‌గ్రెస్ మెమరీ లెక్క

ఒరేయ్ మురళీ,

నువ్వు పంపిన సెట్టింగులు, లాగు రెండూ చూశాను. 16 జీబీ వర్చువల్ మెషీను (పెద్ద సర్వర్లో వాటా తీసుకుని నడిచేది), 4 వీసీపీయూలు (దానికిచ్చిన ప్రాసెసర్లు), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 16వ వెర్షన్, 200 కనెక్షన్లు, రాత్రి రిపోర్టుల టైముకి డేటాబేస్ దానంతటదే రీస్టార్ట్. లాగులో సిగ్నల్ 9 (ప్రాసెస్‌ని బలవంతంగా చంపే సంకేతం) అని కనిపించింది, కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో కూడా ఓఓఎం, అంటే అవుట్ ఆఫ్ మెమరీ, అని పడింది కదా, ఇక అనుమానం అక్కర్లేదు. మెమరీ అయిపోయి లినక్స్ కెర్నెల్ ఒక బ్యాకెండ్‌ని, అంటే ఒక కనెక్షన్ పని చూసే ప్రాసెస్‌ని, చంపింది. పోయింది ఒక్కటే అయినా పోస్ట్‌గ్రెస్ ప్రధాన ప్రాసెస్ అయిన పోస్ట్‌మాస్టర్ మిగతావాటన్నిటినీ దించేస్తుంది. పోయిన ప్రాసెస్, అన్నీ కలిసి వాడుకునే షేర్డ్ మెమరీలో ఏదైనా సగం రాసి వదిలేసిందేమో దానికి తెలిసే దారి లేదు మరి. కనెక్షన్లన్నీ ఒకేసారి తెగేది అందుకే.

మీవాళ్ళు 32 జీబీకి పెంచుదామంటున్నారన్నావు. ఇప్పుడే ఒప్పుకోకు. ముందు ఆ 16 జీబీ నిజంగా నీదేనా చూడు.

మీది వీఎంవేర్ కాబట్టి గెస్ట్‌లోనే, అంటే నీ వర్చువల్ మెషీన్లోనే, వీఎంవేర్ టూల్‌బాక్స్ కమాండుకి 'స్టాట్ బెలూన్' అని ఇవ్వు. సున్నా రావాలి. 3,000 ఎంబీ అని వచ్చిందనుకో, హోస్టుకి, అంటే కింద ఉన్న అసలు సర్వర్‌కి, మెమరీ చాలక నీ మెషీన్లోంచి 3 జీబీ వెనక్కి లాక్కుందని అర్థం. బెలూన్ డ్రైవరు గెస్ట్ లోపల మెమరీ అడిగి పట్టుకుని, దాన్ని హోస్టుకి అప్పగిస్తుంది. 'ఫ్రీ' కమాండులో అది వాడుకలో ఉన్నట్టే కనిపిస్తుంది, 'టాప్'లో మాత్రం ఏ ప్రాసెస్ పేరు మీదా ఉండదు. అందరూ శ్రోత్రియులే, రొయ్యల బుట్ట ఏమైనట్టు అన్నట్టు ఉంటుంది పరిస్థితి. పక్కనే 'స్టాట్ స్వాప్' కూడా చూడు. అది సున్నా కాకపోతే ఇంకా చెడ్డ. గెస్ట్‌కి తెలియకుండా హోస్టే పేజీల్ని డిస్కు మీదకి తోసేసిందన్నమాట. అప్పుడు పోస్ట్‌గ్రెస్ మెమరీలోంచి చదువుతున్నానని అనుకుంటూ డిస్కు కోసం కాచుక్కూచుంటుంది.

మందు ఒకటే. మెషీను సెట్టింగుల్లో మెమరీ దగ్గర, గెస్ట్ మెమరీ మొత్తం రిజర్వ్ చెయ్యమనే టిక్కు పెట్టించు. వర్చువలైజేషన్ టీమువాళ్ళు అభ్యంతరం పెడతారు, ఆ హోస్టు మీద వేరే మెషీన్లకి చోటు తగ్గుతుందని. వెబ్ సర్వర్లకి ఆ మాట చెల్లుతుంది కానీ డేటాబేస్‌కి చెల్లదు. 16 రిజర్వ్ చెయ్యలేమంటే 12 రిజర్వ్ చేసి 12కే సైజు కుదించమను. ఖాయంగా ఉండే 12 జీబీ, ఎప్పుడు పోతుందో తెలియని 16 కన్నా నయం.

ఇక లోపలి లెక్క. నువ్వు షేర్డ్ బఫర్స్ (డేటా పేజీలు దాచుకునే పోస్ట్‌గ్రెస్ సొంత క్యాష్) 4 జీబీ పెట్టావు, అది బాగానే ఉంది. దాన్ని 10కి పెంచమన్నాయన మైఎస్‌క్యూఎల్ అలవాటుతో చెప్పుంటాడు. అక్కడ అలాంటి క్యాషే అయిన ఇన్నోడీబీ బఫర్ పూల్‌కి మెమరీలో 70, 80 శాతం ఇస్తారు. పోస్ట్‌గ్రెస్ ఫైళ్ళని ఆపరేటింగ్ సిస్టమ్ పేజీ క్యాష్ మీదుగా చదువుతుంది, కాబట్టి ఒకే పేజీ రెండుచోట్లా కూర్చునే ప్రమాదం ఉంది. పావు వంతుతో మొదలుపెట్టాలి, 40 శాతం దాటితే సాధారణంగా లాభం ఉండదు. ఎఫెక్టివ్ క్యాష్ సైజ్‌తో భయం లేదు, అది ఒక్క బైటు కూడా తీసుకోదు, క్వెరీ ఎలా నడపాలో తేల్చే ప్లానర్‌కి చెప్పే అంచనా మాత్రమే. 10 జీబీ అని రాసెయ్.

నీ కొంప ముంచింది వర్క్ మెమ్. 64 ఎంబీ పెట్టావు. అది కనెక్షన్‌కి ఇంత అని కాదురా, క్వెరీలో ఒక్కో సార్ట్‌కి (వరసలో పేర్చడానికి), ఒక్కో హ్యాష్‌కి (టేబుళ్ళు కలపడం లాంటి పనులకి కట్టే పట్టికకి) ఇంత అని. పైగా 15వ వెర్షన్ నుంచి హ్యాష్‌కి డిఫాల్టుగా దానికి రెట్టింపు దాకా అనుమతి ఉంది. నువ్వు పంపిన ప్లాన్‌లో రెండు సార్ట్‌లు, ఒక హ్యాష్ జాయిన్ ఉన్నాయి. 64, 64, 128 కలిపితే ఒక్కో ప్రాసెస్‌కి 256 ఎంబీ. రాత్రి 20 రిపోర్టులు కలిసి నడుస్తాయన్నావు, వాటికి తోడు ప్యారలల్ వర్కర్లు (క్వెరీ పని పంచుకునే అదనపు ప్రాసెస్‌లు) సర్వర్ మొత్తానికి డిఫాల్టుగా 8. అంటే 28 ప్రాసెస్‌లు, 256 చొప్పున 7 జీబీ దాకా పోవచ్చు.

దానిమీద 4 జీబీ బఫర్లు. టేబుళ్ళలో పాత చెత్త ఊడ్చే ఆటోవాక్యూమ్ వర్కర్లు మూడు, అలాంటి పనికి ఒక్కోదానికిచ్చే మెయింటెనెన్స్ వర్క్ మెమ్ 512 ఎంబీ పెట్టావు కాబట్టి ఒకటిన్నర జీబీ దాకా. 200 బ్యాకెండ్ల సొంత మెమరీ తలా 5 ఎంబీ వేసుకున్నా ఒక జీబీ. సిస్టమ్‌కి ఇంకోటి. ఇప్పటికే పద్నాలుగున్నర అయింది.

ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటుంది, పేజీ టేబుళ్ళు, అంటే ప్రాసెస్ వాడే పేజీలు అసలు మెమరీలో ఎక్కడున్నాయో చెప్పే పట్టికలు. మామూలు పేజీ 4 కేబీ. 4 జీబీ బఫర్లంటే సుమారు పది లక్షల పేజీలు, ఒక్కోదానికి 8 బైట్ల ఎంట్రీ, కలిపి 8 ఎంబీ. ప్రతి బ్యాకెండ్‌కీ తన సొంత పేజీ టేబుల్ ఉంటుంది. అప్లికేషన్ తెరిచి ఉంచుకునే పూల్లో రోజుల తరబడి బతికుండే కనెక్షన్ మెల్లగా బఫర్లన్నీ ముట్టుకుని ఆ 8 ఎంబీ నింపేస్తుంది. 200 కనెక్షన్లకి ఒకటిన్నర జీబీ పైనే. ప్రాక్‌లోని మెమ్‌ఇన్ఫో ఫైల్లో పేజ్‌టేబుల్స్ వరుస చూడు, నీకే తెలుస్తుంది. దీనితో 16 నిండింది, పేజీ క్యాష్‌కి జాగాయే లేదు.

దీనికి విరుగుడు హ్యూజ్ పేజీలు. 2 ఎంబీ పేజీలైతే అదే 4 జీబీకి 2,048 ఎంట్రీలు, ప్రాసెస్‌కి 16 కేబీతో సరి. ఎన్ని కావాలో ఊహించకు. సర్వర్ ఆపి, పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రాముకి హైఫన్ పెద్ద సీ ఆప్షన్‌తో 'షేర్డ్ మెమరీ సైజ్ ఇన్ హ్యూజ్ పేజెస్' విలువ అడిగితే అంకె అదే చెప్తుంది. 2,048 కన్నా కొంచెం ఎక్కువే వస్తుంది, బఫర్లతో పాటు వేరే షేర్డ్ మెమరీ కూడా ఉంటుంది కదా. ఆ అంకె కెర్నెల్ సెట్టింగులుండే సిస్‌కంట్రోల్ ఫైల్లో రాసి మెషీను రీబూట్ చెయ్యి. చాలాకాలంగా నడుస్తున్న మెషీన్లో అప్పటికప్పుడు అడిగితే వరసగా ఖాళీ దొరక్క తక్కువిస్తుంది.

హ్యూజ్ పేజెస్ సెట్టింగ్ డిఫాల్టుగా 'ట్రై' మీద ఉంటుంది. దాన్ని 'ఆన్' చెయ్యి. రేపు బఫర్లు 5 జీబీకి పెంచి పేజీల అంకె మార్చడం మర్చిపోయావనుకో, 'ట్రై' అయితే చప్పుడు చెయ్యకుండా మామూలు పేజీలతో లేచిపోతుంది. పక్కకి పెట్టిన 4 జీబీ ఎవరికీ పనికిరాకుండా పడుంటుంది. 'ఆన్' అయితే లేవనని మొరాయిస్తుంది, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. కెర్నెల్ తనంతట తాను ఇచ్చే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు వేరే సంగతి, వాటిని 'నెవర్' చేసెయ్.

ఇప్పుడు వర్క్ మెమ్ అందరికీ 8 ఎంబీకి దించు. రిపోర్టులకి వేరే రోల్ (డేటాబేస్ యూజరు) చేసి, ఆల్టర్ రోల్‌తో దానికి మాత్రం 48 పెట్టు, కనెక్షన్ లిమిట్ 6 పెట్టు. 4 వీసీపీయూల మీద 20 రిపోర్టులు కలిసి నడిపి ఒరిగేది లేదు, వరసలో నడిస్తేనే తొందరగా అయిపోతాయి. మాక్స్ ప్యారలల్ వర్కర్స్ 4 చాలు. అప్పుడు 10 ప్రాసెస్‌లు, ఒక్కోటి 192, మొత్తం 2 జీబీ లోపే. ఆటోవాక్యూమ్ వర్క్ మెమ్ విడిగా 256 పెట్టు.

200 కనెక్షన్లూ పీజీబౌన్సర్ (కొన్ని అసలు కనెక్షన్లనే అందరికీ పంచే ప్రోగ్రాము) వెనక్కి పోవాలి. ఒక ట్రాన్సాక్షన్ అవగానే కనెక్షన్ ఇంకొకరికిచ్చే ట్రాన్సాక్షన్ పూలింగ్‌లో వెనకాల 40 సరిపోతాయి. ఒక్క జాగ్రత్త, ఆ మోడ్‌లో సెట్టింగ్ మార్చడానికి ఉత్త 'సెట్' వాడితే నీ విలువ తర్వాత వచ్చేవాడికి అంటుకుంటుంది. ఆ ట్రాన్సాక్షన్‌తోనే పోయే 'సెట్ లోకల్' వాడమని డెవలపర్లకి గట్టిగా చెప్పు.

48 చాలుతుందా లేదా తెలియాలంటే లాగ్ టెంప్ ఫైల్స్‌ని సున్నా చెయ్యి, డిస్కు మీదకి పోయిన ప్రతి సార్ట్ లాగులో కనిపిస్తుంది. క్వెరీ నడిచిన తీరు చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌లో ఎక్స్‌టర్నల్ మెర్జ్ (డిస్కు మీద చేసిన సార్ట్) అని, డిస్క్ 40 ఎంబీ అని వస్తే 40 ఇస్తే చాలనుకోకు. డిస్కు మీద కుదించి రాస్తుంది, మెమరీలో అదే పనికి రెట్టింపు కూడా పట్టొచ్చు. నెలకోసారి నడిచే క్వెరీ డిస్కు మీదకి పోతే పోనీ.

చివరిది ఓవర్‌కమిట్. లినక్స్ డిఫాల్టుగా అప్పు చేసి పప్పుకూడు పెడుతుంది, తన దగ్గర లేని మెమరీ కూడా ఇస్తానంటుంది. ఓవర్‌కమిట్ మెమరీ 2 (పరిమితి దాటి ఇవ్వొద్దని), నిష్పత్తి 80, స్వాప్ (మెమరీకి బదులు వాడే డిస్కు జాగా) 2 జీబీ, స్వాపీనెస్ (దాని వైపు ఎంత మొగ్గాలో చెప్పే అంకె) 1 పెట్టు. కమిట్ పరిమితి లెక్కలోంచి హ్యూజ్ పేజీలు తీసేస్తారు, కాబట్టి నీకు సుమారు 11 జీబీ వస్తుంది. అది దాటితే అడిగిన క్వెరీ ఒక్కటే 'అవుట్ ఆఫ్ మెమరీ' అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, మిగతా వాళ్ళ పని నడుస్తూనే ఉంటుంది. బ్యాకప్ ఏజెంట్లు, మానిటరింగ్ ఏజెంట్లు ఆ మెషీన్లో ఏవేం ఉన్నాయో ముందు చూసుకో, కొన్ని వాడకపోయినా బోలెడంత మెమరీ అడిగి పెట్టుకుంటాయి. అలాంటివి ఉంటే ఈ పరిమితి వాటితోనే నిండిపోతుంది.

అన్నీ ఒకే రాత్రి మార్చకురా. ముందు రిజర్వేషన్, మర్నాడు వర్క్ మెమ్, రిపోర్టుల రోల్. వాటికి మెషీను రీబూట్ అక్కర్లేదు. ఆదివారం హ్యూజ్ పేజీలు, ఓవర్‌కమిట్. పీజీబౌన్సర్ టెస్టులో వారం నడిపాకే. మార్చే ముందు మెమ్‌ఇన్ఫో ఫైలొకటి కాపీ చేసి దాచుకో, తర్వాత పోల్చడానికి. ఈలోపు ఆ బెలూన్ అంకె ఎంతొచ్చిందో ఈరోజే రాయి, అది సున్నా కాకపోతే పైన వేసిన లెక్కంతా మళ్ళీ తక్కువ మెమరీతో వెయ్యాలి.

నీ
సుధాకర్