చెల్లి మంచం పెరటి గదిలో వెయ్యమ్మా

లండన్

అమ్మా,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. సీమంతం అవగానే చెల్లిని పురిటికి తీసుకొస్తున్నారనీ, దానికోసం వీధి గదికి సున్నం వేయించారనీ నాన్న ఫోనులో చెప్పారు. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోనులో అయితే వాదనలోకి దిగుతామని రాస్తున్నాను.

ఆ గది కిటికీ ముందునుంచే కదా బొగ్గు లారీలు పోయేది. పొద్దున తుడిచిన గూట్లో సాయంత్రానికి వేలితో పేరు రాసేంత మసి పేరుకునేది. తులసి ఆకులు తడిగుడ్డతో తుడిచి, నల్లబడ్డ గుడ్డ నాకు చూపించేదానివి. ఆ కంటికి కనబడే మసి కన్నా కనబడనిదే నాకు ఎక్కువ భయం. లారీ పొగలో తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని నలుసులుంటాయి. వాటిలో మరీ సన్నవి ఊపిరితిత్తులు దాటి నెత్తుట్లో కలిసిపోతాయి.

కడుపులో బిడ్డకి మావి కాపలా అనుకుంటాం కదా. స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్, బెల్జియంలోని హాసెల్ట్ శాస్త్రజ్ఞులు 2022లో బయటపెట్టిన సంగతి విను. పొగతాగని తల్లుల కడుపులో, ఇంకా మూడు నెలలైనా నిండని పిండాల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో ఆ మసి కనబడింది. ఆబర్డీన్‌లో గాలి మనకన్నా ఎంతో శుభ్రం. అది చదివిన రాత్రి నిద్రపోతున్న నా కొడుకు పక్కన చాలాసేపు కూచున్నాను. వాణ్ణి మోసినన్నాళ్లూ నేనూ రోడ్డు వైపు గదిలోనే పడుకున్నాను.

మాకు దగ్గర్లో లూయిషమ్‌లో, సౌత్ సర్క్యులర్ రోడ్డు పక్కన ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అనే పాప ఉండేది. ఉబ్బసంతో ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి 2013 ఫిబ్రవరిలో, తొమ్మిదేళ్లకే పోయింది. వాళ్లమ్మ ఏళ్ల తరబడి పోరాడితే, ఆ చావుకి గాలి కాలుష్యం కూడా కారణమేనని 2020 డిసెంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ రోడ్డు మీద బస్సు ఎక్కినప్పుడల్లా ఆ తల్లే గుర్తొస్తుంది.

"మీరంతా ఆ గదిలోనే పుట్టారు, చదువుకోలేదా?" అంటారు నాన్న. చదువుకున్నాం. కానీ పోయిందేమిటో ఒక పిల్లని చూస్తే తెలియదమ్మా, వేలమందిని పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. బార్సిలోనాలో 39 బడుల్లో ఏడు నుంచి పదేళ్ల పిల్లలు 2,700 మందికి పైగా ఉంటే, వాళ్లని ఏడాది పాటు గమనించారు. లెక్క చేస్తూ మధ్యలో అంకెలు బుర్రలో నిలుపుకుంటామే, ఆ శక్తి శుభ్రమైన గాలి ఉన్న బడుల్లో 11.5 శాతం పెరిగితే, వాహనాల పొగ ఎక్కువున్న బడుల్లో 7.4 శాతమే పెరిగింది. మందబుద్ధి అని ఎవరూ అనరు. "శ్రద్ధ లేదు" అని పిల్లాడినే తిడతారు. నాకు కడుపు మండేది అక్కడే.

పొగ ఆపితే ఫలితం ఉంటుంది. చైనాలో టోంగ్లియాంగ్ అనే ఊళ్లో 2004లో బొగ్గు కరెంటు ప్లాంటు మూసేశారు. అంతకుముందు పుట్టిన పిల్లల్లో, తల్లి కడుపులో ఆ పొగ ఎక్కువ తగిలినవాళ్లు రెండేళ్లకి ఎదుగుదలలో వెనకబడ్డారు. మూశాక పుట్టినవాళ్లలో ఆ తేడా కనబడలేదు. లారీలను మనం ఆపలేం, మంచం జరపగలం. చెల్లిని పెరటి గదిలో పడుకోబెట్టు. లారీల వేళ వీధి కిటికీ మూసెయ్యి. దోమల చుట్టలు వద్దు, దోమతెర కట్టు.

ఇంకొకటి, దీనికి నీకు కోపం వస్తుంది. బిడ్డకి సాంబ్రాణి పొగ వెయ్యకు. తలుపులు మూసిన గదిలో నిప్పుల పొగ పసిగుడ్డు ముక్కులోకే పోతుంది. నా కొడుకు పుట్టినప్పుడు నువ్వు ఇక్కడికొచ్చి, పొగొస్తే ఇంట్లో అలారం మోగుతుందని సాంబ్రాణి వెయ్యలేక ఎంత బాధపడ్డావో నాకు గుర్తుంది. చివరికి నీ పాత నూలు చీర చింపి, వాడి తల ఒత్తి ఒత్తి తుడిచి, వేళ్లతో పాయలు తీసి ఆరబెట్టావు. వాడికి జలుబు చెయ్యలేదు. ఆ చీర ముక్క ఉతికి, మడతపెట్టి, చెల్లి బిడ్డ కోసం ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను.

నీ పెద్దమ్మాయి