కోట్లు మాయమైన కాంతి సంవత్సరం

సంపాదకుడు గారికి,

మా పార్కులో ఖగోళ ఫలకాలను ప్రారంభించిన వార్తను గత నెల మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. రిబ్బను కత్తిరిస్తున్న పెద్దల భుజాల వెనుక ఫలకం మీద ‘ఒక కాంతి సంవత్సరం = 9.46 లక్షల కిలోమీటర్లు’ అన్న అక్షరాలు ఫొటోలో సైతం చదవడానికి వీలుగా ఉన్నా, అక్కడ చప్పట్లు కొట్టినవారికి గానీ మీ విలేకరికి గానీ అవి కనబడలేదు. కాంతి ఏడాదిలో పోయే దూరమే కాంతి సంవత్సరం కనుక, ఉండవలసింది 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. మన దగ్గర కోట్లు మాయం కావడం కొత్త కాదు గానీ, ఇలా బోర్డు మీదే మాయం కావడం నేను చూడటం ఇదే మొదలు.

కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, ఈ ఫలకం ప్రకారం ఏడాది మూడు సెకన్లకే ముగిసిపోవాలి. పింఛనుదారుల బకాయిలకు ఆ లెక్క వర్తింపజేస్తే మాకు సంతోషమే. పక్క ఫలకంలో చంద్రుడి దూరం 3,84,400 కిలోమీటర్లని సరిగ్గానే రాశారు. ఆ రెండు అంకెలనూ నోటుపుస్తకంలో ఎక్కించుకుంటున్న మా మనవరాలు, ‘అయితే కాంతి సంవత్సరమంటే చంద్రుడి దూరానికి రెండున్నర రెట్లేనా తాతా?’ అని అడిగింది. ఆరో తరగతి పిల్లకు తట్టిన అనుమానం ఆమోదముద్ర వేసినవారికి తట్టలేదు.

నేను ముప్పై ఏళ్లు గొలుసు పట్టి పొలాలు కొలిచినవాణ్ణి. అంకణమంటే తిరుపతిలో 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72. ఏ ఊరి అంకణమో అడగకుండా కాగితం మీద అంకె వేస్తే ఆ తగాదా కోర్టు దాకా పోతుంది. నక్షత్రాల తరఫున కోర్టుకెక్కేవారు ఎవరూ లేరు కాబట్టే ఈ నిర్లక్ష్యం కాబోలు. సంబంధిత కార్యాలయానికి వెళితే, డిజైను బయటి నుంచి వచ్చిందని, బిల్లు కూడా పాసయిందని చెప్పి పంపారు. రెండోసారి అర్జీ ఇచ్చాక ‘కోట్ల’ అని స్టిక్కరు అంటించారు, ఆ ఊపులో కిలోమీటర్లను మైళ్లుగా మార్చేశారు! మైళ్లయితే 5.88 లక్షల కోట్లు కావాలి.

మీ పత్రికకూ ఒక మాట. బడ్జెట్ వార్తల్లో లక్షల కోట్లను అలవోకగా రాసే మీరు, సూర్యుడి తర్వాత మనకు అతి సమీప నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారి దూరాన్ని ‘40 ట్రిలియన్ కిలోమీటర్లు’ అని ఎందుకు వదిలేశారు? ట్రిలియన్ అంటే సరిగ్గా లక్ష కోట్లే కదా.

ఆ ఫలకాల డబ్బుతో పిల్లలకు అర్థమయ్యే కొలత ఒకటి చూపించి ఉండవచ్చు. సూర్యుణ్ణి వేరుశనగ గింజంత చేసి, భూమిని దానికి ఒక్క మీటరు దూరంలో పెట్టామనుకుందాం. అప్పుడు భూమి కంటికి ఆనని నలుసు, నెప్ట్యూన్ 30 మీటర్ల అవతల, పార్కు లోపలే. కాంతి సంవత్సరం మాత్రం 63 కిలోమీటర్లు, అంటే తిరుపతి నుంచి బయలుదేరితే చిత్తూరుకు కాస్త ఇవతల. ప్రాక్సిమాను చేరాలంటే బెంగళూరు కూడా దాటాలి.

కొత్త ఫలకానికి నిధులు లేవంటున్నారు. అవి వచ్చేదాకా ఈ తప్పుల ఫలకానికి గుడ్డయినా కప్పించమని మనవి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా శిలాఫలకాలకు కప్పే గుడ్డలు ఆ కార్యాలయంలోనే ఎక్కడో ఉండాలి.

– విశ్రాంత సర్వేయరు, కొర్లగుంట, తిరుపతి