కరోనా టీకా మూడో డోసు గురించి మురళికి

తెనాలి,
22-1-2022.

చిరంజీవి మురళికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. పండుగకు నువ్వు ఫోన్ చేస్తావని భోగి నాడు పొద్దుటి నుంచీ నాన్నగారు ఫోన్ దగ్గరే కూర్చున్నారు. కనుమ వెళ్ళింది, ముక్కనుమ కూడా వెళ్ళింది. శైలజ రెండు ముక్కల సందేశం పెట్టింది కనుక మీరంతా బాగున్నారని మాత్రం తెలిసింది. ఫోన్‌లో అయితే సగంలోనే "సరేలేమ్మా" అంటావు కనుక ఈసారి ఉత్తరమే రాస్తున్నాను.

కబుర్లు చాలానే ఉన్నాయి. అరిసెల పాకం ఈసారి బాగా కుదిరింది. నాన్నగారూ నేనూ పండుగకు ముందే కరోనా టీకా మూడో డోసు, ఇక్కడ ప్రికాషన్ డోసు అంటున్నారే, అది వేయించుకున్నాం. 10వ తేదీ నుంచి అరవై దాటి షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు వేస్తారనీ, రెండో డోసు పడి 9 నెలలు నిండి ఉండాలనీ పేపర్లో చదివిన రోజే ఆయన పాత చీటీలు తీసి తేదీలు లెక్కపెట్టారు. నాకు ఒక పూట చెయ్యి నొప్పి, ఆయనకు రాత్రి కాస్త జ్వరం, అంతే. చిట్టి కూతురికి పదహారేళ్ళు కదా, ఆ పిల్లకు కూడా ఈ నెలలోనే కాలేజీలో వేశారు. మన ఇంట్లో ఇక మిగిలింది నువ్వే.

ఆ మాట ఎందుకు రాశానో నీకు తెలిసే ఉంటుంది. వంశీ మీ ఇంటికి వచ్చిన రోజున మీ టెన్నిస్ స్నేహితులందరూ టీకా వేయించుకోకుండా ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడటానికి మీ మెల్‌బోర్న్ వచ్చి వీసా పోగొట్టుకున్న టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్ సంగతి మీద రెండు పక్షాలై, భోజనాల వేళ దాటిపోయినా వాదించుకున్నారని సరోజ పిన్ని చెప్పింది. వైరస్ వచ్చి తగ్గినవాడికి టీకా ఎందుకు, ఒంట్లో పుట్టిన ఇమ్యూనిటీ చాలదా అని అందరికంటే గట్టిగా అన్నది నువ్వేనట. నీకు అక్టోబరులో వచ్చి తగ్గింది కనుక మూడో డోసు జోలికి పోనని కూడా అన్నావట. పిన్ని మాటల్లో సగం తీసేసినా మిగిలిన సగం నన్ను నిద్రపోనివ్వడం లేదు.

జొకోవిచ్ మీద నీ అభిమానం నాకు కొత్త కాదు. 2008లో అతను ఆ ఊళ్ళోనే మొదటి గ్రాండ్‌స్లామ్ గెలిచినప్పుడు నువ్వు పుస్తకాలు పక్కన పడేసి టీవీ ముందు కూర్చుంటే, కాఫీ కలిపి ఇచ్చానే గాని కసరలేదు. తొమ్మిదిసార్లు గెలిచిన చోట అతణ్ణి నిర్బంధంలో ఉంచడం చూసి నాకూ మనసుకు కష్టంగా తోచింది. ఈ నెల 6న వీసా రద్దు, 10న న్యాయమూర్తి తిరిగి ఇవ్వడం, 14న మంత్రి మళ్ళీ రద్దు చేయడం, 16న ఫెడరల్ కోర్టు తీర్పు, ఆ రాత్రికే విమానం. ఒక మనిషిని అలా పది రోజులు ఊగిసలాడించడం బాగుందని నేను అనను. అయితే మీ మెల్‌బోర్న్ వాళ్ళు మొత్తం 262 రోజులు లాక్‌డౌన్‌లో గడిపారు; బుజ్జి పుట్టినప్పుడు మేము రాలేకపోయాము. అంత ఓర్చుకున్న జనానికి ఒక్కడికే మినహాయింపు ఇస్తామంటే కోపం రాదా?

వీసా తగవు కోర్టులు చూసుకున్నాయి. నా బెంగ రెండోదాని గురించి. నువ్వు ఎవరిని చూపించి వాదించావో, అతనికే వైరస్ రెండుసార్లు వచ్చింది నాయనా. 2020 జూన్‌లో తాను పెట్టించిన ఏడ్రియా టూర్ అనే టెన్నిస్ పోటీల్లో తోటి ఆటగాళ్ళు దిమిత్రోవ్, చోరిచ్‌లతో పాటు అతనికీ వచ్చింది. 2021 డిసెంబరు 16న మళ్ళీ పాజిటివ్ అని అతను కోర్టుకు ఇచ్చిన కాగితాల్లోనే ఉంది. మొదటిసారి పుట్టిన ఇమ్యూనిటీ చాలితే రెండోసారి ఎలా వచ్చిందని మీలో ఒక్కరూ అడగలేదా? ఇంకో టెన్నిస్ ఆటగాడు నడాల్ టీకా వేయించుకున్నా అతనికీ డిసెంబరులో వచ్చింది కదా అని నువ్వు అంటావు. నిజమే. టీకా పడితే వైరస్ అసలు అంటదని నేను అనడం లేదు. అంటుకున్నా ఆసుపత్రి మంచం దాకా పోనివ్వకుండా చాలామందిని కాపాడుతున్నదని అంటున్నాను.

మా నాయనమ్మ నీకు ఫొటోలోనే తెలుసు. ముఖాన ఉన్న స్ఫోటకం మచ్చలు ఆ ఫొటోలో కనబడవు. పదకొండో ఏట ఆమెకు అమ్మవారు పోసింది, బతికింది. ఆ తరువాత ఊళ్ళో ఎవరింట అమ్మవారు పోసినా వేపమండలు పట్టుకుని ఆమే వెళ్ళి రోగి పక్కన కూర్చునేది. "నాకు వచ్చి పోయింది, ఇక నన్ను ముట్టదు" అనేది. ఆ జబ్బు విషయంలో అది నిజం కూడాను. మశూచి ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకు దాదాపుగా మళ్ళీ రాదు. 1963లో, నాకు ఆరేళ్ళప్పుడు, టీకాల వాళ్ళు వీధి మొదట్లోకి వచ్చారని తెలియగానే, నన్నూ నాకన్నా రెండేళ్ళు పెద్దవాడైన శేషు బాబాయినీ వడ్ల గాదెలోకి దించి పైన గోనెలు కప్పింది. వస్తే వస్తుంది, తగ్గితే జన్మకు సరిపడా కాపలా ఉంటుందని ఆమె నమ్మకం. వడ్ల దుమ్ముకు బాబాయి తుమ్మేశాడు. తాతయ్య వచ్చి గోనెలు తీసి, మమ్మల్ని పైకి లాగి, నాయనమ్మను ఒకే మాట అడిగారు: "నీతో పాటు అమ్మవారు పోసిన నీ తమ్ముళ్ళిద్దరూ ఏరి?" నాయనమ్మ జవాబు చెప్పలేదు. తానే నా చెయ్యి పట్టుకుని టీకాలాయన ముందుకు తీసుకువెళ్ళింది. పట్టుకున్న ఆ చెయ్యి వణకడం నాకు ఇప్పటికీ తెలుస్తున్నది. నువ్వు చిన్నప్పుడు వేలితో తడిమి అడిగేవాడివే, నా ఎడమ చేతి మీద మచ్చ, అది ఆనాటిదే. 1975 తరువాత మన దేశంలో మశూచి లేదు.

నీకు వచ్చిన వైరస్ మశూచి వంటిది కాదు. పాఠం చెప్పకూడదనుకుంటూనే చెబుతున్నాను, ముప్పై ఏళ్ళు ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెప్పినదాన్ని కదా. జబ్బు తగ్గాక రక్తంలో ఉండే యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి, లోపలి జ్ఞాపక కణాలు మిగిలి ఉన్నా సరే. ఈలోగా వైరస్ మారిపోతుంది. నీకు అక్టోబరులో వచ్చినప్పటికి ఒమిక్రాన్ అన్న కొత్త రకం పేరే ఎవరూ వినలేదు. నవంబరు నెలాఖరులో బయటపడిన దాని ముల్లు ప్రొటీన్‌లోనే ముప్పైకి పైగా మార్పులున్నాయి. పాత శత్రువు ముఖం గుర్తుపెట్టుకున్న ఒళ్ళు కొత్త ముఖాన్ని వెంటనే పోల్చుకోలేదు. నీ వాదనలోనూ ఒక నిజం ఉంది. జబ్బు నుంచి వచ్చిన ఇమ్యూనిటీ నిజమైనదే. దాని మీద టీకా కూడా పడితే రెండింటిలో ఏ ఒక్కదానికన్నా గట్టి రక్షణ వస్తుంది. నీకు జూలైలో, ఆగస్టులో పడిన రెండు డోసులకు అయిదు నెలలు దాటింది, మీ దేశంలో నాలుగు నెలలు దాటితే వేస్తున్నారట. మరి దేనికోసం ఆగడం?

పోయిన మే 4న ఐపీఎల్ ఆపేశారనీ, మన సన్‌రైజర్స్ ఆటగాడు సాహాకు కూడా వచ్చిందనీ, బయటివాళ్ళెవరినీ కలవకుండా బబుల్‌లో ఉన్నవాళ్ళకే వస్తే ఇక మనమెంతనీ నువ్వే ఫోన్‌లో అన్నావు. అదే రోజు నాన్నగారు రవి మామయ్యకు ఆక్సిజన్ పడక కోసం గుంటూరంతా తిరుగుతున్నారు. ఆ నెల గురించి ఇంతకన్నా రాయలేను. మామయ్యకు అప్పటికి ఒక్క డోసు కూడా పడలేదు.

ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ 30న కదా. జొకోవిచ్ లేకపోయినా నువ్వు చూడకుండా ఉండవు. ఆలోగా డోసు వేయించుకో. శుక్రవారం వేయించుకుంటే రెండు రోజులు సెలవు కలిసివస్తుంది. ఖాళీ కడుపుతో వెళ్ళకు. ఆ రోజు బుజ్జిని ఎడమ చేత్తో ఎత్తకు. జ్వరం వస్తే శైలజను మిరియాల చారు పెట్టమను, పారాసెటమాల్ ఇంట్లో ఉందో లేదో ముందే చూసుకో. నాన్నగారు నాలుగింటికే లేస్తారు, అప్పటికి నీకు తొమ్మిదిన్నర అవుతుంది, ఆ వేళకు చెయ్యి. డోసు పడిన తేదీ ఆయనకు చెబితే మా తేదీల కిందే రాసి పెడతానంటున్నారు, చీటీలో ఒక వరుస ఖాళీగా ఉంచారు.

ఇట్లు,
అమ్మ