ఈక అసలుదే, నంబరే దొంగది

సంపాదకుల వారికి నమస్కారం.

పాత బొమ్మ రైళ్ల సేకరణ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం అమెరికాలో, ఎడిసన్ ఊళ్లో మా అబ్బాయి ఇంట్లో కూర్చుని ఫోనులో చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ "రంగులో తేడా ఉంటే చాలు, ధర లక్షలు పలుకుతుంది" అని రాశారు చూడండి, ఆ 'చాలు' అన్న మాట నాకు మింగుడు పడలేదు. మీ వ్యాసం రాకముందే అదే మాట ఎవరి దగ్గరో విని మా అబ్బాయి ఎనిమిది వందల డాలర్లు పోగొట్టుకున్నాడు.

నేను రైల్వేలో టీఎక్స్‌ఆర్‌గా, అంటే రైలు పెట్టెలు తనిఖీ చేసేవాడిగా చేశాను. మొదట విజయవాడ గూడ్సు యార్డు, తర్వాత రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు. చేతిలో పొడుగు కర్ర సుత్తి, రాత్రిళ్లు టార్చిలైటు. చక్రం మీద కొట్టి మోత వినడం, స్ప్రింగు చూడడం, పనికిరాని వ్యాగనుకు 'సిక్' లేబుల్ వేయడం. ముప్పయ్యొక్క ఏళ్లు అదే పని. రిటైరై అమెరికా వస్తే పక్కింటి పెద్దాయన తన బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి అలమార నిండా బొమ్మ గూడ్సు పెట్టెలు చూపించాడు. నాకు మళ్లీ డ్యూటీ ఎక్కినట్టయింది.

అవి లయొనెల్ కంపెనీవి. 1900లో న్యూయార్కులో పుట్టిన కంపెనీ. వాళ్ల ఫ్యాక్టరీ ఒకప్పుడు మా ఇంటికి అరగంట దూరంలోని హిల్‌సైడ్‌లో ఉండేది. పట్టాల మధ్య దూరం అంగుళంపావు, మధ్యలో కరెంటుకు మూడో పట్టా. ఈ కంపెనీ 1953లో 6464 అనే వరుసలో బాక్స్‌కార్లు తెచ్చింది. మన కవర్డ్ వ్యాగన్లే. ఆ ఏడు నాలుగే. తర్వాత ఏటా కొత్త రైల్వేల పేర్లతో, కొత్త రంగులతో వస్తూ పోయాయి. 6464 అలాగే ఉంటుంది, గీత పక్కన అంకె మారుతుంది: 25, 50, 75, 100. ఈ అంకెలన్నీ ఒక్కొక్కటి పోగుచేయడం మొదటి మెట్టు. ఒకే అంకెలో వచ్చిన తేడాలు పోగుచేయడం రెండో మెట్టు. పిచ్చి ముదిరేది అక్కడే.

ఆ తేడాలు చెబితే నవ్వొస్తుంది. తొలి ఏళ్ల తలుపు మీద ఒకే పెద్ద పలక, తర్వాత వచ్చిన తలుపు మీద చిన్న పలకలు చాలా. పైన రంగు ఒకటే అయినా, స్క్రూలు విప్పి లోపల చూస్తే ప్లాస్టిక్ ఒకదానికి ఒక రంగు, ఇంకోదానికి ఇంకో రంగు. బోగీల్లోనూ తేడాలే. మొదట లోహంవి, 1957 తర్వాత ప్లాస్టిక్‌వి. (జనం పెట్టెనే బోగీ అంటారు, మాకు బోగీ అంటే కింద చక్రాలుండే చట్రం. ఈ వాదన నేను రైల్వేలో ఉండగానే ఓడిపోయాను.) అన్నిటికన్నా ముఖ్యం రివెట్లు. రివెట్లంటే నిజం రివెట్లు కావు, అచ్చులో పోసిన ప్లాస్టిక్ గింజలు. అక్షరాలు చక్కగా పడాలని కంపెనీవాళ్లు అచ్చులోంచే కొన్ని రివెట్లు చెక్కేస్తూ వచ్చారు. అందుకని రివెట్ల వరుస ఎక్కడ తెగిందో చూస్తే ఆ పెట్టె పైతొడుగు ఏ కాలానిదో తెలుస్తుంది. అతిగా తప్పులెన్నేవాణ్ని ఇక్కడ 'రివెట్ కౌంటర్', అంటే రివెట్లు లెక్కపెట్టేవాడు అని వెక్కిరిస్తారట. నేను దానికే జీతం తీసుకున్నాను.

ఇక మా ఇంటి సంగతి. 1954లో వెస్టర్న్ పసిఫిక్ పేరుతో 6464-100 వచ్చింది. వెండి రంగు పెట్టె మీద పొడుగాటి పసుపు ఈక, దాని పక్కన 'ఈకలా సాగిపోతుంది' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. సరుకు కుదుపు లేకుండా చేరుతుందని ఆ రైల్వే గొప్ప. మన నాలుగు చక్రాల వ్యాగన్లలోంచి దిగిన సిమెంటు బస్తాలు చూసినవాణ్ని, నేనైతే ఈక బొమ్మ వేయించే ధైర్యం చేయను. అదే 100 నంబరుతో నారింజ పెట్టె మీద నీలం ఈకతోనూ కొన్ని వచ్చాయి. వెండిది సులభంగా దొరుకుతుంది, నారింజది అరుదు. ఇంతవరకూ మీ వ్యాసం చెప్పినట్టే ఉంది కదా?

తిరకాసు 1966లో ఉంది. ఆ ఏడు అదే నారింజ, అదే నీలం ఈక మళ్లీ వచ్చాయి, ఈసారి నంబరు 6464-250. దీని ధర ఆ పాతదాని పక్కన చాలా తక్కువ. అంటే ఆ 250ని చెరిపి 100 చేసినవాడికి పంట పండినట్టే.

నా పుట్టినరోజుకని అబ్బాయి ఆన్‌లైన్‌లో నారింజ 100 కొన్నాడు. "నాన్నా, ఇది పక్కింటి అంకుల్ దగ్గర కూడా లేదు" అన్నాడు మురిసిపోతూ. ఆ మాటా నిజమే. నేను పెట్టెను ట్యూబులైటు కిందికి తెచ్చి వాలుగా పట్టుకున్నాను. ఈక మీద గోరు ఆనిస్తే వేడి అచ్చు వేసిన చోట ఉండే సన్నని పల్లం తగిలింది. నంబరు మీద గోరు నున్నగా జారిపోయింది. అంకెల చుట్టూ వేలెడు మేర రంగు మిగతా చోట్లకన్నా మెరుస్తోంది. తలుపు మాత్రం పాతకాలపు ఒంటిపలక తలుపే, బోగీలు లోహంవే. అవి మార్చడం అయిదు నిమిషాల పని. రివెట్లు మార్చలేడు కదా! పక్కింటాయన దగ్గరున్న 1954 నాటి వెండి పెట్టె తెచ్చి పక్కన పెట్టాను. దాని మీద రివెట్లున్న చోట దీనికి నున్నగా ఉంది. పైతొడుగు 1966దే.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే" అంది మా ఆవిడ వంటింట్లోంచి. అబ్బాయి మొహం చూశాక, చెప్పకుండా ఉండాల్సిందేమో అని నాకూ అనిపించింది. అమ్మినవాడికి రాస్తే, తానూ వేరొకరి దగ్గరే కొన్నానని, వాపసు లేదని జవాబు.

ఆ అక్టోబరులో పక్కింటాయన నన్ను పెన్సిల్వేనియాలోని యార్క్‌కు తీసుకెళ్లాడు. ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ తూర్పు విభాగం ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో అక్కడ పెద్ద సంత పెడుతుంది. హాళ్ల నిండా బల్లలు, బల్లల నిండా పెట్టెలు. నాలాంటి ముసలివాళ్లంతా పెట్టెను తిరగేసి అడుగు చూసేవాళ్లే. వాళ్ల దగ్గర నేర్చుకున్నది మీ పాఠకులకూ పనికొస్తుంది. కిటికీ దగ్గర ఏళ్ల తరబడి ఎండ తగిలి వెలిసిన రంగును వేరే రకం అనరు, వెలిసిందంటారు. మందు పూసి రంగు మార్చేవాళ్లూ ఉన్నారు. ఒకవైపు అక్షరాలే పడలేదు, ఫ్యాక్టరీ పొరపాటు, అరుదు అని ఎవరైనా అంటే జేబు మీద చెయ్యి వేసుకోండి, అక్షరాలు తుడవడం ఎంతసేపు? ఫ్యాక్టరీలోంచి అలాగే వచ్చిందని రంగు, అచ్చు, తలుపు, బోగీ నాలుగూ ఒకే కాలం సాక్ష్యం చెబితేనే అది వేరే రకం.

న్యూజెర్సీలో మనవాళ్లు శనివారం వస్తే గరాజ్ సేల్స్ తిరుగుతారు. వాళ్ల చేతుల్లోనూ మీ పత్రికే ఉంటుంది. అందుకని 'చాలు' అన్న చోట 'మాత్రమే చాలదు' అని వచ్చే ఆదివారం చిన్న సవరణ వేయమని మనవి.

మా పెట్టె పట్టాల మీదే ఉంది, మనవడు తిప్పుతున్నాడు. నా తర్వాత ఎవరూ దాన్ని 100 అని అమ్మకుండా లోపలి వైపు కాగితం అంటించి, యార్డులో రాసినట్టే రాశాను: "సిక్. నంబరు మార్చబడినది. అసలు 6464-250, 1966."

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీఎక్స్‌ఆర్,
విజయవాడ (ప్రస్తుతం ఎడిసన్, న్యూజెర్సీ)